ముక్కు పక్క చుక్క

స్కొలాస్టికా సగ్గుపిండిని మట్టి పెనం మీద పరిచి కొబ్బరి చిప్పతో అదుముతుండగా, ఆత్మల ఇంటి దగ్గర దుంగ నగారా మోగింది. పిండి అంచులు గట్టిపడేదాకా ఆమె తల ఎత్తలేదు. నగారా ఆగాక లింజన్ పెద్దాయన నది గట్టు పొడవునా నడుస్తూ ప్రకటన చేశాడు.

“ఇవాళ్టికి ఎనిమిదో రోజున పెద్దన్న ఆత్మ నదిలోంచి లేచి ఊళ్లోకి వస్తుంది. ఆడవాళ్లు గమనించవలెను. పోయినసారి మీ కేకలు తృప్తికరంగా లేవు. కొందరు నవ్వినట్టు కూడా ఆత్మల ఇంటి దృష్టికి వచ్చింది. ఈసారి భయం నిండుగా ఉండవలెను.”

స్కొలాస్టికా రొట్టె తిప్పింది. ఎనిమిది రోజుల్లో ఆత్మ రావడం కష్టమని ఆమెకు తెలుసు. ఆత్మకు ఇంకా రంగులు వెయ్యలేదు.

ఈ సంగతి ఆమెకు తెలియకూడదు. సెపిక్ నది ఒడ్డున ఉన్న మా యెంబుంగైలో ఆడవాళ్లకు తెలియకూడనివి కొన్ని ఉన్నాయి. స్కొలాస్టికా మొగుడి వంశానికి మూలపురుషుడైన పెద్దన్న ముసుగును మనుషులే చెక్కతో చెక్కుతారని తెలియకూడదు. దాన్ని మనుషులే తగిలించుకుని ఆడతారని తెలియకూడదు. మగవాళ్లే అడుగుపెట్టే ఆత్మల ఇంట్లోంచి వచ్చే గొంతు వెదురు గొట్టాలదని తెలియకూడదు. ఇవి తమకు తెలియవన్న సంగతి మాత్రం ప్రతి ఆడపిల్లకూ చిన్నప్పుడే బాగా నేర్పుతారు. లేకపోతే పొరపాటున ఎక్కడైనా తెలుసుకునే ప్రమాదం ఉంది.

తెల్లరంగుకు కావలసిన గవ్వలు కాల్చేది ఆడవాళ్లే. నల్లరంగుకు మసి నూరేది, ఎర్రమట్టి జల్లెడ పట్టేది, ఆత్మ ఒంటినిండా వేలాడే సగ్గాకు కుచ్చులు చీల్చేది కూడా వాళ్లే. మగవాళ్లు వచ్చి ఇవన్నీ పట్టుకుపోతారు. ఎందుకని ఎవరూ అడగరు. అడిగితే పాపం మగవాళ్లు అబద్ధం ఆడాల్సి వస్తుంది. మా ఊరి ఆడవాళ్లు మొగుళ్లను అంత ఇబ్బంది పెట్టరు.

స్కొలాస్టికా మావగారు మంగ్‌విలి ఊళ్లో అందరికంటే మంచి చెక్కడపు పనివాడు. చివరి ఏళ్లలో కళ్లు మసకబారాయి. ఇంటి కింద, ఆకు తడికె చాటున కూర్చుని ముసుగుకు రంగు వేసేవాడు. తడికెకు ఇవతల కోడలు రంగు కలుపుతూ ఉండేది.

“కోడలా, తెల్లగీత ఎక్కడిదాకా వచ్చింది?” అనేవాడు.

“నేను చూడ్డం లేదు మావయ్యా. ఇంకో రెండు వేళ్లు కిందికి లాగు.”

“నువ్వు చూడకు.”

“చూడ్డం లేదు. ఎక్కువైంది, కొంచెం తుడువు.”

ఇలా పద్నాలుగేళ్లు ఆమె ఏమీ చూడలేదు.

మొన్నటి వరదలో మంగ్‌విలి చనిపోయాడు. అదే వరదలో పాత ముసుగు నానింది, నీళ్లు తీశాక చెద తినేసింది. ఆయన చెక్కిపెట్టిన కొత్త ముసుగు మాత్రం ఉంది. మూరెడు ముక్కు, దాని చివర కొంగ తల, అన్నీ సరిగ్గా ఉన్నాయి. రంగే లేదు. పచ్చి చెక్క.

మామూలుగా అయితే ఇందులో కంగారు పడాల్సింది లేదు. కానీ పెద్దన్న మొహం మీది గీతలు అందం కోసం పెట్టినవి కావు. కసంబే మడుగుకు వచ్చే కాలవలు ఎన్ని, ఏ కాలవ ఎటు తిరుగుతుంది, ఏ మలుపులో పెద్దన్న పడవ ఆపాడు, అన్నీ ఆ గీతల్లో ఉన్నాయి. మడుగు తమదని చెప్పడానికి స్కొలాస్టికా మొగుడి వంశం దగ్గర ఆ మొహం తప్ప వేరే కాగితం లేదు. దారికి అవతలి వంశం పెద్ద కవీవి ఒక్క గీత తేడా వచ్చినా పట్టుకుంటాడు. పట్టుకుంటే మడుగు వాళ్లదవుతుంది.

ఆ మడుగులో తెల్లవారగానే వల వేసేది స్కొలాస్టికా. ఆ చేపలే పొగబెట్టి, అడవి పక్క ఊళ్ల ఆడవాళ్లకిచ్చి సగ్గుపిండి తెస్తుంది. మడుగు పోతే పెద్దనదిలో, ఉరవడిలో, మొసలికి దండం పెట్టుకుంటూ వల వెయ్యాలి. లేదంటే పొద్దున్నే పోయి కవీవి ఇంటి నిచ్చెన కింద నిలబడి, ఇవాళ వేసుకోనా అని అడగాలి. కాబట్టి గీతలు ఎలా ఉండాలన్నది ఆమెకు చాలా అవసరమైన విషయం. ఆమెకు తెలియని విషయం కూడా అదే.

ఆత్మల ఇంట్లో ముగ్గురు పెద్దలు కూర్చుని జ్ఞాపకం చేసుకున్నారు. ఎడమ బుగ్గ మీద మూడు వంకలని ఒకరు, నాలుగని ఒకరు. మూడో ఆయనకు చెవుడు, వక్క నములుతూ అవునన్నాడు. ఏది అవునో తేలలేదు. రెండేళ్ల కిందట వచ్చిన ఒక పర్యాటకుడు పంపిన ఫోటో ఎవరి ఫోన్లోనో దొరికింది. అందులో పాత ముసుగు స్పష్టంగానే ఉంది. దాని ముందు ఆ పర్యాటకుడు కూడా స్పష్టంగా నవ్వుతూ ఉన్నాడు. అతని వెనక నుంచి కొంగ ముక్కు ఒక్కటే కనిపిస్తోంది. ఫోటోను మెచ్చుకుని సభ ముగించారు.

మర్నాడు పొద్దున లింజన్ మిగతా ఇద్దరినీ వెంటబెట్టుకుని స్కొలాస్టికా ఇంటి నిచ్చెన ఎక్కాడు. ఆయన మంగ్‌విలికి తమ్ముడు, ఆమెకు చిన్నమావగారు. ముగ్గురూ పొయ్యి ముందు వరసగా కూర్చున్నారు. లింజన్ గొంతు సవరించుకుని ఇంటి నడిమి స్తంభంతో మాట్లాడాడు.

“ఆకలేస్తోంది.”

“మీ ఇంట్లో పొయ్యి ఆరిందా చిన్నమావయ్యా?” అంది స్కొలాస్టికా.

“ఆరలేదు. కానీ అక్కడ రొట్టె మీద ఏమీ ఉండదు.”

“ఏమీ అంటే?”

“ఏమీ అంటే ఏమీ. కళ్లకు ఏమీ ఉండదు. మా అన్న అనేవాడు, మా కోడలు రొట్టె కాలిస్తే ముందు చూసి, తర్వాత తినాలి అని.”

మంగ్‌విలి బతికి ఉన్నన్నాళ్లూ ఏ రొట్టె గురించీ ఒక్క మంచి మాట అన్నవాడు కాదు. మూలన కూర్చుని వల కుడుతున్న అత్తగారు కాంబ్రోలి దారాన్ని పంటితో కొరికి, కోడలి వైపు చూసి, మళ్లీ వల వైపు చూసింది.

స్కొలాస్టికా పిండి పరిచింది. రొట్టె కాలాక తిప్పి, కొబ్బరి ఈనె చివర నిప్పులో పెట్టి, ఆ ఎర్రటి మొనతో పైవైపున మెల్లగా ఒక వంక గీసింది. పొగ లేచింది. దాని పక్కన ఇంకొకటి.

“ఊరికే గీస్తున్నా చిన్నమావయ్యా. పిచ్చి గీతలు.”

“పిచ్చి గీతలే. ఆడవాళ్ల చేతికి ఇంకేం వస్తాయి,” అన్నాడు లింజన్, గడ్డం పొయ్యిలో పడేటంత ముందుకు వంగి. “మూడా, నాలుగా?”

“ఏవి?”

“ఏవీ లేవు.”

ఆమె మూడో వంక గీసి ఈనె పక్కన పెట్టింది. లింజన్ నాలుగన్న పెద్దాయన వైపు చూశాడు. నాలుగన్నాయన ఇంటికప్పు వైపు చూశాడు.

మా ఊరి చరిత్రలో ఇంత ఓపిగ్గా రొట్టెలు చూసిన వారం ఇంకొకటి లేదు. మొదటి రోజు బుగ్గలు, రెండో రోజు కళ్ల చుట్టూ గుండ్రాలు. మూడో రోజు నుదురు కాల్చి పక్కన పెడితే, ఇంకా ఎవరూ చూడకముందే చెవిటి పెద్దాయన దాన్ని తినేశాడు. నిజంగానే ఆకలేసి వచ్చినవాడు ఆయనొక్కడే. నుదురు మళ్లీ కాల్చాల్సి వచ్చింది. నాలుగో రోజుకు ఊళ్లో మిగతా ఇళ్ల ఆడవాళ్లు స్కొలాస్టికాను దారిలో ఆపి, “మీ ఇంట్లో రొట్టెలు అంత బావుంటాయటగా” అని అడగసాగారు. అడిగి, ఏమీ తెలియనట్టు నవ్వకుండా వెళ్లిపోయేవారు. మా వాళ్లకు ఆ శిక్షణ గట్టిది.

అయిదో రోజు ఆమె మొత్తం మొహాన్ని ఒకే రొట్టె మీద కాల్చింది. బావుందని ఆమెకే అనిపించింది. మావగారి చెయ్యి కూడా ఇంత నిలకడగా ఉండేది కాదు. లింజన్ దాన్ని రెండు చేతులతో అందుకుని వెలుతురులోకి తిప్పాడు.

“ఇదేంటి?” అని వేలు పెట్టాడు. ముక్కు గీతకు ఎడమ పక్కన, నల్లగా ఒక చుక్క. చుట్టూ సన్నగా గోధుమరంగు గుండ్రం.

స్కొలాస్టికాకు కాసేపు అది కనిపించలేదు. ఆ ఇంటికి కాపురానికి వచ్చిన నాటి నుంచి ప్రతి రొట్టె మీదా ఉన్న మచ్చ అది. పెనం మీద చిటికెన వేలి గోరంత బొడిపె ఉంది. పెనం అంచు ఒకచోట విరిగి ఉంటే, ఆ విరిగిన వైపును ఆమె ఎప్పుడూ తన వైపే పెట్టుకుంటుంది. అందుకని మచ్చ ఎప్పుడూ ఒకే చోట పడుతుంది.

“అది మాడింది చిన్నమావయ్యా. పెనం బాలేదు.”

లింజన్ మిగతా ఇద్దరి వైపు తిరిగి చిన్నగా, జాలిగా నవ్వాడు. చూశారా, దీనికి ఏమీ తెలియదు, అన్న నవ్వు అది.

“మాడిందే. నువ్వు దాని గురించి ఆలోచించి బుర్ర పాడుచేసుకోకు,” అన్నాడు. రొట్టెను అరిటాకులో చుట్టి, పురిటి బిడ్డను మోసినట్టు గుండెకు ఆనించుకుని నిచ్చెన దిగాడు.

ఎనిమిదో రోజు పొద్దున స్కొలాస్టికా మొగుడు క్లెమెంట్ నడవలేక నడుస్తున్నాడు. రెండు రోజుల కిందట మడుగులో చేపముల్లు కుడికాలి బొటనవేలికి దిగింది. ఆమే పసరు పోసి ఆకు కట్టింది.

“ఆ కట్టు తీసెయ్,” అంది.

“ఇంకా మానలేదుగా.”

“ఇవాళ ఊళ్లోకి ఎవరో వస్తున్నారట. వాళ్ల కాలికి కూడా ఇలాంటి కట్టే ఉంటే బావుండదు.”

క్లెమెంట్ తన కాలి వైపు చూసుకున్నాడు. “నేను ఇవాళ చేపలకు పోతున్నా. రాత్రికిగానీ రాను,” అన్నాడు.

“పో. ఎగిరేటప్పుడు ఎడమ కాలు ఆనించు.”

“చేపలు పట్టేటప్పుడా?”

“చేపలు పట్టేటప్పుడే.”

మధ్యాహ్నానికి పెద్దన్న వచ్చాడు. సగ్గాకు కుచ్చులు నేలను ఊడుస్తుండగా, తలనిండా ఈకలతో, మూరెడు ముక్కు ఊపుకుంటూ, ఎడమ కాలు ఆనించి ఎగురుతూ వచ్చాడు. ఆడవాళ్లు కేకలు పెట్టారు. ఆత్మల ఇంటివారు తర్వాత ఒప్పుకున్నట్టు, ఈసారి భయం చాలా ఉన్నత స్థాయిలో ఉంది. కాంబ్రోలి అయితే రెండుసార్లు మూర్ఛపోయింది. మొదటిసారి ముళ్ల మీద పడిందని లేచి, చోటు మార్చుకుని మళ్లీ మూర్ఛపోయింది.

స్కొలాస్టికా ఒక్కతే కేక మర్చిపోయింది. మావగారు చెక్కిన మొహం మీద తన మూడు వంకలు, తన గుండ్రాలు, తన నుదురు ఎండలో మెరుస్తున్నాయి. ఒక్క గీత తేడా లేదు. ముక్కు పక్కన నల్లటి చుక్క కూడా ఉంది. చుట్టూ సన్నటి గోధుమరంగు గుండ్రాన్ని సైతం ఎంతో శ్రద్ధగా వేశారు. అత్తగారు పడుకున్నచోటి నుంచే ఆమె పిక్క గిల్లింది. అప్పుడు కేక పెట్టింది. ఆ కేకలో నటన లేదు.

దారికి అవతల నిలబడ్డ కవీవి కూడా ఆ చుక్కనే చూస్తున్నాడు.

మర్నాడు ఆత్మల ఇంట్లో మాటల పీట దగ్గర సభ జరిగింది. మగవాడు ఆకుల కట్ట చేతబట్టి, పీటను కొడుతూ, కొట్టిన ప్రతిసారీ ఒక మాట చెప్పాలి. ఆడవాళ్లు సభకు రాకూడదు. కాబట్టి వాళ్లందరూ ఆ ఇంటి వెనక గోడ పక్కనే కూర్చుని బుట్టలు అల్లుకున్నారు. ఆ రోజు ఊళ్లో నీడ అక్కడే ఎక్కువగా ఉందట.

కవీవి పీటను కొట్టాడు. “మీ మూడు వంకలు నేను చూశాను. అవి మీవే. మీ గుండ్రాలు మీవే. కానీ ముక్కు పక్క చుక్క ఎవరిది? ఆ చుక్క మా ముసుగుది. గోధుమరంగు గుండ్రంతో సహా మాది. నా తండ్రి కాలం నుంచి, ఆయన తండ్రి కాలం నుంచి, నీళ్లు నేలను వదిలిన నాటి నుంచి మాది. మా పెద్దల మొహం మీది గుర్తును మీ పెద్దన్న ఎక్కడ దొంగిలించాడు? పొరుగువాడి గుర్తు పెట్టుకున్న మొహానికి సొంత మడుగు ఎలా ఉంటుంది?”

అటువైపు నుంచి మెచ్చుకోలు వినిపించింది. నిజానికి అటువైపు ముసుగు మీద సరిగ్గా అలాంటి చుక్కే ఉంది. ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు గానీ, అందరూ చూసినదే.

లింజన్ లేచి ఆకుల కట్ట అందుకున్నాడు. పొద్దు నెత్తిన ఉండగా మొదలుపెట్టి పక్కకు వాలేదాకా చుక్క చరిత్ర చెప్పాడు. పెద్దన్న మొసలితో కలబడ్డాడట. మొసలి తోక దెబ్బకు ముక్కు పక్క గాయమైందట. ఆ నెత్తురుచుక్క నీటిలో పడి కసంబే మడుగు పుట్టిందట. గోధుమరంగు గుండ్రం మడుగు గట్టట. ఆ చరిత్ర అంతకుముందు ఎవరూ వినలేదు. ఆయనా వినలేదు. కానీ చెబుతూ చెబుతూ ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. గోడ ఇవతల స్కొలాస్టికా, తన పెనం మీది బొడిపె ఇంత పని చేసిందా అని, బుట్టలో ఒక వరస తప్పు అల్లి విప్పుకుంది.

కవీవి ఒక్క దెబ్బ కొట్టి కూర్చున్నాడు. “మూడు రోజులు. మా చుక్క మాకు తిరిగి అప్పగించండి. లేదా మడుగు.”

మర్నాడు, చుక్కను ఎలా అప్పగిస్తారన్న దాని మీద ఆత్మల ఇంట్లో లోతైన చర్చ జరిగింది. ముసుగు మీద చెరిపేస్తే సరిపోతుంది. కానీ చెరిపితే నిన్నటి చరిత్ర అబద్ధమవుతుంది. చరిత్ర అబద్ధమైతే మొహం తప్పు. మొహం తప్పయితే మడుగు పోతుంది. చెరపకపోతే దొంగతనం, అప్పుడూ మడుగు పోతుంది. ఇలా ఏ వైపు నుంచి చూసినా తమ వాదన బలంగా ఉందని పెద్దలు గ్రహించి వక్క పంచుకున్నారు.

క్లెమెంట్ ఇంటికొచ్చి వల మడిచి మూలన పెట్టేశాడు. “ఎల్లుండి నుంచి కవీవిని అడిగి వేసుకోవాలేమో,” అన్నాడు. ఎందుకో చెప్పలేదు. భార్యకు తెలియకూడదు కదా. మళ్లీ తనే, “నాకైతే ఆ చుక్క ఎప్పుడూ...” అని మొదలుపెట్టి, నాలిక కరుచుకుని, కుంటుకుంటూ బయటికి పోయాడు.

స్కొలాస్టికా పెనాన్ని పొయ్యి మీద నుంచి దించి ఒళ్లో పెట్టుకుంది. బొడిపె మీద వేలు రాసింది. దాన్ని రాయితో అరగదీసెయ్యాలనిపించింది.

“అత్తా, ఈ పెనం నీకు ఎక్కడిది?”

కాంబ్రోలి సున్నంలో ముంచిన పుల్లను నోట్లో పెట్టుకుని చాలాసేపు చప్పరించింది.

“కవీవి వాళ్లమ్మ దగ్గర తీసుకున్నా. అంచు విరిగిందని ఆవిడ ఏడుస్తుంటే ఒక తాబేలు ఇచ్చి తెచ్చా. ఆ విరగ్గొట్టింది కవీవే. ఏడేళ్లవాడు. రాయి విసిరాడు. వాళ్లమ్మ చెవి పట్టుకుని మెలిపెడితే నదికి అవతలి గట్టున వినబడింది వాడి ఏడుపు.”

“ఎప్పటి మాట?”

“వాళ్ల పాత ముసుగు ఎండకు పగిలిందే, ఆ ఏడు. ఆ తర్వాతే గదా కొత్త మొహం వచ్చింది.” కాంబ్రోలి ఎర్రగా ఉమ్మి, మూతి తుడుచుకుంది. “ఆ ఎండాకాలం వాళ్ల మగాళ్లకు ఒకటే ఆకలి. నెల రోజులు ఆవిడింట్లోనే, ఈ పెనం మీది రొట్టెలే తిన్నారు. తినేముందు ఒకటే చూడ్డం.”

తర్వాత కాంబ్రోలి వల ముందుకు లాక్కుంటూ, “నాకేం తెలుసు, నేనేమీ అనలేదు,” అంది.

మర్నాడు పొద్దున స్కొలాస్టికా పెనాన్ని కడిగి, సంచిలో వేసుకుని, దారికి అవతల కవీవి ఇంటికి పోయింది. కవీవి పెళ్లాం టెక్లా పొయ్యి రాజేస్తోంది.

“ఏమే, మడుగు పోతోందని చుట్టరికం కలుపుకోవడానికి వచ్చావా?” అంది టెక్లా.

“పెనం తెచ్చానక్కా.”

టెక్లా దాన్ని అందుకుని విరిగిన అంచు చూసింది. ఆమె మొహం మారింది. “ఇదా. మా అత్త పోయేదాకా దీని కోసమే ఏడ్చింది. ఒక్క తాబేలుకు ఇచ్చేశానే, అది కూడా ముసలి తాబేలు, అని.”

“దీని మీద ఒక రొట్టె కాల్చు. విరిగిన వైపు నీ వైపు పెట్టుకో.”

“కాలిస్తే?”

“ఏమో. నాకేం తెలుసు.”

టెక్లా ఆమె కళ్లల్లోకి చూసింది. ఆ ఇంటి రంగులు కలిపేది టెక్లా. ఇంకో ప్రశ్న వెయ్యకుండా పిండి పరిచింది.

కవీవి నదిలో మునిగి వచ్చి, మర్నాటి ప్రసంగం పెదవుల మీద ఆడిస్తూ కూర్చున్నాడు. టెక్లా రొట్టె తిప్పి ఆకులో వేసి ముందు పెట్టింది. దాని మీద గీతలేవీ లేవు. తెల్లటి రొట్టె, ఎడమ పక్కన నల్లటి చుక్క, చుట్టూ సన్నటి గోధుమరంగు గుండ్రం.

కవీవి చెయ్యి రొట్టె దాకా వెళ్లి ఆగింది. అతను పొయ్యి మీది పెనం చూశాడు. దాని విరిగిన అంచు చూశాడు. చెయ్యి దానంతటదే లేచి చెవి తడుముకుంది.

“ఈ పెనం...” అన్నాడు.

“ఏ పెనం?” అంది టెక్లా.

“పాతదే బావా. అంచు ఎవరో విరగ్గొట్టారు,” అంది స్కొలాస్టికా. “దీని మీద ఏది కాల్చినా అక్కడ మాడుతుంది. ఎందుకో మాకు తెలియదు.”

కవీవి చాలా చెప్పగలిగిన మనిషి. కానీ ఇప్పుడేం చెప్పాలన్నా, ముందు పెద్దల మొహం మీది గుర్తు రొట్టె మీది నుంచి వచ్చిందని చెప్పాలి. అది చెప్పాలంటే రొట్టె మీదికి ఎవరు తెచ్చారో చెప్పాలి. అంటే తన తల్లికి అన్నీ తెలుసని చెప్పాలి. అప్పుడు తన తండ్రి, తాతలు, కేకలు పెట్టించిన ప్రతిసారీ అందరూ ఒకరికొకరు తెలియనట్టు నటించారని చెప్పాలి. ఇద్దరు ఆడవాళ్లూ అతని మొహంలోకే చూస్తున్నారు. వాళ్ల మొహాల మీద ఏ గీతా లేదు. చుక్క కూడా లేదు. మా ఊళ్లో అంత నునుపుగా చెక్కిన మొహాలు ఆత్మల ఇంట్లో కూడా దొరకవు.

కవీవి ఇంటి నడిమి స్తంభం వైపు తిరిగాడు.

“మా చుక్క మా ఇంటికి వచ్చింది,” అని స్తంభానికి చెప్పాడు. “రేపు పీట దగ్గర అదే చెబుతాను. అటువాళ్ల ముసుగు మీద ఉన్నది మేము వాళ్లకు చూసుకోమని అరువిచ్చింది. ఇక మడుగు మాట ఎత్తేది లేదు.”

తర్వాత రొట్టె తిన్నాడు. చుట్టూ తిని, చుక్క వదిలేశాడు. కాసేపటికి అదీ తిన్నాడు.

స్కొలాస్టికా రేపు తెల్లవారుజామున కసంబే మడుగులో ఏ కాలవ దగ్గర వల వెయ్యాలో ఆలోచిస్తూ లేచింది. టెక్లా తన పెనాన్ని పొయ్యి పక్క నుంచి తీసి ఆమె చేతుల్లో పెట్టింది.

“ఒట్టిచేతులతో పోతావా. ఇది ఇక్కడే ఉండనీ. నాది తీసుకుపో, నీకు రేపటికి రొట్టె కావాలిగా. మంచి పెనమే.” గొంతు తగ్గించింది. “కుడి పక్కన కొంచెం పెచ్చు ఊడింది. అక్కడ వంకరగా మాడుతుంది, అంతే.”

ముప్ఫై, నలభై ఏళ్ల తర్వాత ఎప్పుడైనా మా పెద్దన్న బొమ్మ ఏదైనా పెద్ద పుస్తకంలో మీ కంటబడితే, కుడి బుగ్గ మీద ఒక వంకర గుర్తు ఉంటుంది. దాని అర్థం పక్కనే వివరంగా రాసి ఉంటుంది. చదివి తల ఊపండి. మీ ఇంటి పెద్దలు ఏదైనా చెప్పినప్పుడు, మీ అమ్మ పక్కనే నిలబడి ఏమీ తెలియనట్టు వింటున్నప్పుడు ఊపుతారు చూడండి, అలాగే.

స్కొలాస్టికా పెనాన్ని తిప్పి ఊడిన పెచ్చు చూసింది. నోరు తెరిచింది. కవీవి స్తంభం పక్కన కూర్చుని పళ్లలో ఇరుక్కున్నది తీసుకుంటున్నాడు. ఆమె నోరు మూసుకుని, పెనం సంచిలో వేసుకుని, నిచ్చెన దిగి వెళ్లిపోయింది.